కస్టమ్స్ బల్ల దగ్గర ఆగిపోయిన పెట్టె
వేట ట్రోఫీలు, వన్యప్రాణి జ్ఞాపికల గురించి ఒక ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం.

విదేశాల నుంచి వచ్చే సరుకుకు కస్టమ్స్ దగ్గర కాగితాలు చూసి విడిపించే పని నాది. చాలా ఏళ్లుగా జంతువులతో సంబంధం ఉన్న సరుకే ఎక్కువగా నా బల్ల మీదికి వస్తోంది. వేటకు వెళ్లినవాళ్లు పంపించుకున్న తలలు, తోళ్లు, కొమ్ములు. ప్రయాణికులు సూట్‌కేసులో తెచ్చుకున్న పగడాలు, శంఖాలు, తోలు బెల్టులు, చెక్కిన బొమ్మలు. అంతా సవ్యంగా ఉన్నవాళ్లకు నాతో పని పడదు. పెట్టె ఆగిపోయాకే వస్తారు. చేతిలో నోటీసు, మొహంలో టెన్షన్. దాదాపు అందరూ ముందుగా అడిగేది ఒకటే: "ఇప్పుడు పర్మిట్ తెప్పిస్తే వదిలేస్తారా అండీ?"

వదలరు. చాలా అరుదుగా తప్ప వదలరు. ఆ మాట చెప్పినప్పుడు ఎదుటివాళ్ల మొహం మారిపోవడం ఎన్నోసార్లు చూశాను. పన్ను కట్టకపోతే తర్వాత కట్టొచ్చు, బిల్లు పోతే ఇంకో కాపీ తెప్పించొచ్చు, మరి దీనికి మాత్రం ఎందుకు కుదరదు? ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా నిబంధనలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అంతరించిపోయే ప్రమాదం ఉన్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేయడానికి దేశాల మధ్య ఒక ఒప్పందం ఉంది. దాన్ని సైటిస్ అంటారు. 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి, 1975 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇవాళ 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. ఈ ఒప్పందం ప్రకారం ఎగుమతి పర్మిట్ ఇచ్చే ముందు ఆ దేశం రెండు విషయాలు తేల్చుకోవాలి. ఈ జంతువును చట్టబద్ధంగానే సంపాదించారా? దీన్ని అడవిలోంచి తీయడం వల్ల ఆ జాతి మనుగడకు హాని ఉందా, లేదా? రెండో ప్రశ్నకు శాస్త్రవేత్తలు జవాబు చెప్పాలి. ఆ జవాబు తృప్తిగా ఉంటేనే కాగితం మీద ముద్ర పడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. జంతువు చచ్చిపోయి, తోలు సముద్రం దాటి వచ్చేసిన తర్వాత "హాని ఉందా?" అని అడిగితే ఆ ప్రశ్నకు అర్థం ఏముంది? పర్మిట్ అంటే రుసుము కట్టిన రసీదు కాదు. వస్తువు కదలకముందే అడగాల్సిన ప్రశ్న అది. అందుకే వస్తువు కదిలాక పుట్టిన కాగితాన్ని కస్టమ్స్‌వాళ్లు నమ్మరు. తర్వాత తేదీతో పర్మిట్లు ఇవ్వొద్దని ఒప్పందంలోని దేశాలు తీర్మానం కూడా చేసుకున్నాయి. ఒక చిన్న సందు మాత్రం ఉంచారు, దాని గురించి తర్వాత చెబుతాను.

ఈ ఒప్పందానికి మూడు అనుబంధాలు ఉన్నాయి. మొదటి అనుబంధంలో ఉన్నవాటికి ప్రమాదం చాలా ఎక్కువ. పులి, చిరుత, అలుగు (పాంగోలిన్), సముద్ర తాబేళ్లన్నీ, ఖడ్గమృగాల్లో ఎక్కువ భాగం, చాలా దేశాల్లోని ఏనుగులు ఇందులోవే. వాటితో వాణిజ్యం నిషేధం. వాణిజ్యం కాకుండా తెచ్చుకోవాలన్నా రెండు పర్మిట్లు కావాలి, ఒకటి పంపే దేశానిది, ఒకటి అందుకునే దేశానిది. అందుకునే దేశం పర్మిటే ముందు రావాలి. చాలామంది ఈ వరసను తిరగేస్తారు. రెండో అనుబంధంలో వేల జాతులున్నాయి: సింహం, నీటిగుర్రం, చాలా రకాల మొసళ్లు, కొండచిలువలు, గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు. వీటికి పంపే దేశం పర్మిట్ చాలు, కానీ అది ఉండి తీరాలి. మూడోది ఏదో ఒక దేశం తన ప్రాంతంలోని జాతిని కాపాడుకోవడానికి మిగతావాళ్ల సాయం అడిగిన జాబితా.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సైటిస్ కనీస నిబంధన మాత్రమే. ఏ దేశమైనా అంతకంటే కఠినంగా ఉండొచ్చు. 2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని వేటాడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాదే ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ సింహం ట్రోఫీల దిగుమతి ఆపేశాయి. అమెరికా సింహాలను తన అంతరించే జాతుల చట్టం కిందికి తెచ్చింది. యూరోపియన్ యూనియన్ అదే ఏడాది నుంచి ఆఫ్రికా సింహం, ఏనుగు, తెల్ల ఖడ్గమృగం, నీటిగుర్రం, ధ్రువపు ఎలుగు, అర్గాలి గొర్రె ట్రోఫీలకు రెండో అనుబంధంలోనివైనా సరే దిగుమతి పర్మిట్ అడగడం మొదలుపెట్టింది. వేటకు బయల్దేరినప్పుడు ఉన్న చట్టం పెట్టె ఓడ దిగేసరికి ఉండకపోవచ్చు. ఇది నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండేళ్ల కిందటి స్నేహితుడి అనుభవాన్ని నమ్ముకుని బయల్దేరినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు ప్రయాణికుల సంగతి చూద్దాం, వాళ్లే ఎక్కువమంది.

ప్రయాణికుడు తన సొంత వాడకానికి తెచ్చుకునే వస్తువులకు ఒప్పందం కొంత వెసులుబాటు ఇచ్చింది. కొన్నింటికి లెక్క కూడా కట్టింది. మనిషికి క్వీన్ కాంక్ శంఖాలు మూడు. ఎండిన సముద్ర గుర్రాలు నాలుగు. మొసలి తోలు వస్తువులు నాలుగు. రాక్షస ఆల్చిప్పలు మూడు, బరువు మొత్తం 3 కిలోలు దాటకూడదు. కేవియర్, అంటే ఒక రకం చేప గుడ్లు, 125 గ్రాములు. నాగజెముడు కాండంతో చేసే వానకర్రలు, వంచితే వాన చప్పుడు చేసేవి, మూడు. అగరు చెక్క ముక్కలు ఒక కిలో. వీటికి కొన్ని షరతులున్నాయి. వస్తువు మీ ఒంటి మీదో, మీ చేతిలోనో, మీ సామానులోనో ఉండాలి. పోస్టులో పంపితే వెసులుబాటు పోతుంది. విదేశంలో కొని ఇంటికి తెచ్చుకునే మొదటి అనుబంధం వస్తువులకు అసలు లేదు. ఈ వెసులుబాటును ఒప్పుకోని దేశాలు కూడా ఉన్నాయి. కాబట్టి మీరు దిగే దేశం ఏమంటుందో చూసుకోవడం మీ బాధ్యత.

ఒకసారి ఒక జంట వచ్చారు. ఆరు శంఖాలు కొన్నారు, ఇద్దరికీ చెరి మూడు అని లెక్క వేసుకున్నారు. కానీ సర్దేటప్పుడు ఆరూ భర్త బ్యాగులో పెట్టేశారు. తనిఖీలో ఆయన ఒక్కరి పేరు మీద ఆరు కనబడ్డాయి. అదృష్టం కొద్దీ ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు, ముందే నోటితో చెప్పారు, బిల్లులో రెండు పేర్లున్నాయి. అధికారి విని మూడు మూడుగా రాసుకుని పంపించారు. అదే ఆయన తలాడించి "ఏమీ లేవండీ" అని, చెప్పాల్సిన సరుకు లేనివాళ్లు వెళ్లే గ్రీన్ ఛానల్‌లోంచి నడిచి ఉంటే ఆరూ పోయేవి, పైన జరిమానా పడేది.

దుకాణదారు మాటను దయచేసి నమ్మకండి. "ఇది పెంపకం జంతువుది సార్, ఇబ్బంది ఉండదు" అని ఒక అందమైన సర్టిఫికెట్ ఇస్తాడు. బంగారు రంగు అంచు కూడా ఉంటుంది. కానీ అది పర్మిట్ కాదు. పర్మిట్ ఇచ్చే అధికారం ఆ దేశ ప్రభుత్వం నియమించిన సంస్థకు మాత్రమే ఉంటుంది. పెంపకంలో పుట్టిన జంతువుదైనా దానికీ కాగితం ఉంటుంది. విమానాశ్రయం లోపలి దుకాణంలోనే కొన్నాం కదా అంటారు ఇంకొందరు. అక్కడ అమ్మడం ఆ దేశంలో చట్టబద్ధం కావచ్చు. మీ దేశంలోకి తీసుకురావడం వేరే సంగతి.

శాతూష్ శాలువా గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే అది నన్ను బాధపెట్టే వస్తువు. ఉంగరంలోంచి దూరిపోయేంత పలచటి శాలువా అని చూపిస్తారు. టిబెట్ జింక, దాన్నే చిరు అంటారు, ఆ జింక బొచ్చుతో నేస్తారు. పొదలకు తగులుకుని రాలిన బొచ్చును ఏరుకొచ్చామని అమ్మేవాళ్లు కథ చెబుతారు. ఆ కథ అబద్ధం. ఆ బొచ్చు కోసం జింకను చంపాల్సిందే, ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు జింకలు కావాలి. ఒక పెద్దావిడ పెళ్లి కానుకగా వచ్చిన శాలువాను జప్తు చేశారని నా దగ్గరికి వచ్చారు. ఆవిడకు ఇదేమీ తెలియదు. నేను చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తిరిగి ఇచ్చినా నేను కప్పుకోలేను బాబూ" అన్నారు. ఆ కేసు మేము ఆరోజే వదిలేశాం.

దంతం సంగతి కూడా అంతే. ఎముక అని రాసి పంపుతారు, ఎప్పుడో అంతరించిపోయిన, ఏనుగు లాంటి మామత్ దంతం అని రాసి పంపుతారు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే గళ్లలా ఒకదాన్నొకటి దాటే గీతలుంటాయి. వాటిని ష్రేగర్ గీతలు అంటారు. ఏనుగు దంతంలో, పైతొక్క దగ్గరి గీతల మధ్య కోణం 115 డిగ్రీల కంటే ఎక్కువ, మామత్ దంతంలో 90 కంటే తక్కువ. భూతద్దం, కోణమానిని ఉంటే బల్ల మీదే చాలావరకు తేలిపోతుంది. అప్పటికీ అనుమానం ఉంటే ప్రయోగశాల ఉంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం ఆష్లాండ్‌లో వన్యప్రాణి నేరాల కోసమే ఒక ఫోరెన్సిక్ ల్యాబ్ నడుస్తోంది.

సంగీతకారులు ఈ సభలో ఉంటే ఒక్క నిమిషం వినండి. 2014లో న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో బుడాపెస్ట్ ఫెస్టివల్ ఆర్కెస్ట్రావాళ్ల ఏడు వయొలిన్ కమానులను ఆపేశారు. కారణం, కమాను కొనమీద ఉండే చిన్న ముక్క ఏనుగు దంతమన్న అనుమానం. పాత గిటార్లలో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉంటుంది, 1992 నుంచి అది మొదటి అనుబంధంలో ఉంది. తరచూ ప్రయాణించేవాళ్ల కోసం మూడేళ్లు చెల్లే వాద్య ధ్రువపత్రం ఒకటి ఉంది. బయల్దేరే ముందే తీసుకోండి.

ఇక వేట ట్రోఫీలకు వస్తాను. వేట మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇవాళ నా పని కాదు. నా అభిప్రాయం నాకుంది. కానీ చట్టం ఒప్పుకున్న వేటలో, కోటా ప్రకారం, డబ్బు కట్టి, అన్నీ చేసిన మనిషి చివరికి ఒక తేదీ తప్పినందుకు అంతా పోగొట్టుకోవడం చూస్తే మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ జంతువు ప్రాణం కూడా ఎవరికీ కాకుండా పోయినట్టే.

నేను చూసిన వాటిలో మరిచిపోలేనిది ఒక చిరుత తోలు. ఆయన దగ్గర దిగుమతి పర్మిట్ ఉంది. తోలుకు ట్యాగు ఉంది, మళ్లీ తెరవడానికి వీల్లేని రకం, దాని మీద దేశం, కోటా సంవత్సరం, వరస సంఖ్య, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఎగుమతి పర్మిట్ కూడా ఉంది. కానీ ఎగుమతి పర్మిట్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలే చెల్లుతుంది. ఆ లోపల వస్తువు దిగే దేశంలో కస్టమ్స్ ముందుకు రావాలి. అక్కడ తోలు ఊనేవాళ్లు, అంటే పచ్చి తోలును పాడవకుండా శుద్ధి చేసేవాళ్లు, పని మొదలుపెట్టకముందే పర్మిట్ తీసేసుకున్నారు. పని నెలలు పట్టింది. తర్వాత ఓడలో పంపారు, ఓడ ఆలస్యమైంది. పెట్టె తొమ్మిది రోజులు లేటుగా దిగింది. తొమ్మిది రోజులు! కొత్త పర్మిట్ ఇవ్వమని ఆ దేశానికి రాశాం. వస్తువు మా దేశం దాటిపోయింది కదా, దేనికి ఇవ్వమంటారు, అన్నారు. వాళ్ల మాటలో తప్పు లేదు. అప్పటి నుంచి నన్ను అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను, తోలు పని పూర్తయి, పెట్టెకు మేకులు కొట్టే వారం వచ్చాకే ఎగుమతి పర్మిట్ తీసుకోండి. ఓడ కంటే విమానం ఖర్చెక్కువే, కానీ ఆరు నెలల లెక్కలో విమానమే మేలు.

రెండో తప్పు ఇంకా చిన్నది, ఇంకా తరచుగా జరిగేది. పర్మిట్ కింది భాగంలో ఒక గడి ఉంటుంది. సరుకు బయల్దేరేటప్పుడు ఆ దేశపు అధికారి పెట్టె చూసి, అందులో నిజంగా ఎన్ని వస్తువులున్నాయో రాసి, సంతకం చేసి, ముద్ర వేయాలి. ఆ గడి ఖాళీగా ఉంటే పర్మిట్ సగం కాగితమే. పంపే ఏజెంటు హడావిడిలో ఆ పని వదిలేస్తాడు. మీరు వేల మైళ్ల అవతల కూర్చుని ఉంటారు. అందుకే పెట్టె విమానం ఎక్కకముందే ముద్ర పడిన పర్మిట్ ఫోటో పంపమని అడగండి. ఫోటో మీరు చూసుకోవడానికే. కస్టమ్స్ దగ్గర అసలు కాగితమే కావాలి, జిరాక్స్ పనికిరాదు. ఎలక్ట్రానిక్ పర్మిట్లు ఒప్పుకునే దేశాలు కొన్ని ఉన్నాయి, అక్కడ సంగతి వేరు.

మూడోది లెక్క. పర్మిట్‌లో "తోలు 1, పుర్రె 1" అని ఉంటుంది. పెట్టెలో తోలు, పుర్రెతో పాటు ఒక చిన్న కవరు ఉంటుంది. సింహానికి భుజం దగ్గర కండరాల్లో విడిగా ఉండే రెండు చిన్న ఎముకలుంటాయి, వేటకు వెళ్లినవాళ్లు వాటిని లాకెట్లు చేయించుకుంటారు. వాటిని కాగితంలో ఎవరూ రాయరు. గోళ్లు కూడా అంతే. సింహానికి ముందు కాలికి ఐదు, వెనక కాలికి నాలుగు, మొత్తం 18 గోళ్లు. విడిగా పెట్టిన గోళ్లు 20 ఉంటే రెండో సింహం ఎక్కడిది అని అడగరా? ఏనుగు దంతాలకైతే దేశం గుర్తు, సంవత్సరం, వరస సంఖ్య, బరువు దంతం మీదే చెక్కి ఉండాలి, అవి కాగితంలోని అంకెలతో కలవాలి. జీబ్రా తోలుకు ఉపజాతి పేరు రాయించుకోండి. మైదానాల జీబ్రా సైటిస్‌లో లేదు, హార్ట్‌మన్ కొండ జీబ్రా రెండో అనుబంధంలో ఉంది. కాగితంలో ఉత్త "జీబ్రా" అని ఉంటే పెట్టె అక్కడే నిలబడిపోతుంది. జిరాఫీ 2019 దాకా జాబితాలో లేదు, ఇప్పుడు ఉంది. పాత జ్ఞాపకాల మీద ఆధారపడొద్దని చెప్పింది ఇందుకే.

పశువైద్య శాఖ సంగతి వేరే ఉంటుంది. వన్యప్రాణి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా పుర్రెకు మాంసం ముక్క అంటుకుని ఉంటే, తోలు పచ్చిగా ఉంటే, పురుగు కనబడితే మళ్లీ ఆగుతుంది. గాలికుంటు వ్యాధి ఉన్న ప్రాంతం నుంచి వచ్చే గిట్టల జంతువులకు నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. ఆఖరికి చెక్కపెట్టెకూ ఒక ముద్ర కావాలి. ఆ చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచారని, లేదా ఒప్పుకున్న మరో పద్ధతిలో పురుగు లేకుండా చేశారని చూపించే ముద్ర. ముద్ర లేని పెట్టె వల్ల అన్నీ సరిగ్గా ఉన్న ట్రోఫీ మూడు వారాలు గోదాములో పడి ఉండడం చూశాను.

సరే, ఇప్పుడు అసలు రోజుకు వద్దాం. పెట్టె ఆగింది. ఏం చేయాలి?

ముందు అడగాల్సింది, ఇది నిలుపుదలా, స్వాధీనమా? రెండూ ఒకటి కాదు. నిలుపుదల అంటే కాగితం చూపించే అవకాశం ఇంకా ఉంది, వస్తువు తాత్కాలికంగా వాళ్ల దగ్గర ఉంది. స్వాధీనం అంటే చట్టం ఉల్లంఘించారని వాళ్లు అనుకుంటున్నారు. జప్తు అంటే యాజమాన్య హక్కే ప్రభుత్వానికి పోయింది. మూడు మెట్లు. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తెలియకుండా ఒక్క ఉత్తరం కూడా రాయకండి. వస్తువుల వివరం, సంఖ్య, తేదీ, చట్టం సెక్షను ఉన్న రసీదు తీసుకోండి. అధికారి పేరు, ఆఫీసు రాసుకోండి. మీ కళ్ల ముందే సీలు వేయమని మర్యాదగా అడగండి.

అబద్ధం చెప్పొద్దు. ఇది నీతి బోధ కాదు, నేను చూసిన లెక్క. తెలియక తెచ్చినవాడి వస్తువు పోతుంది, ఒక్కోసారి జరిమానాతో ముగుస్తుంది. పేరు మార్చి రాసినవాడి మీద క్రిమినల్ కేసు పడుతుంది. అమెరికాలో 1900 నుంచి ఉన్న లేసీ చట్టం కింద వన్యప్రాణి సరుకుకు తప్పుడు పేరు పెట్టడమే ఒక నేరం. మీకు తెలియని ప్రశ్న అడిగితే "నాకు తెలియదు, కాగితాలు చూసి చెబుతాను" అనండి. అది చాలా మంచి జవాబు.

తర్వాత నోటీసు వస్తుంది. దాన్ని తెరవకుండా పక్కన పెట్టేవాళ్లున్నారు, భయంతో. దయచేసి అలా చేయకండి. గడువు ఆ కాగితంలోనే ఉంటుంది. బ్రిటన్‌లో స్వాధీనాన్ని సవాలు చేయడానికి నెల రోజులే. భారతదేశంలో కస్టమ్స్ చట్టం కింద స్వాధీనం చేసుకున్న ఆరు నెలల్లో షోకాజ్ నోటీసు ఇవ్వాలి, దాన్ని ఇంకో ఆరు నెలలు పొడిగించొచ్చు. తర్వాత ఉత్తర్వు వస్తే కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లడానికి 60 రోజులు. నిషిద్ధ వస్తువైతే జరిమానా కట్టి విడిపించుకునే అవకాశం ఇవ్వాలా వద్దా అన్నది అధికారి విచక్షణ, మీ హక్కు కాదు. అమెరికాలో నోటీసుతో పాటు కొన్ని దారులు చూపిస్తారు. దయతలచి తిరిగి ఇవ్వమని ఆ శాఖనే అడగొచ్చు, దాన్ని రెమిషన్ పిటిషన్ అంటారు. లేదా క్లెయిమ్ వేసి కోర్టులో తేల్చమనొచ్చు. లేదా వదిలేయొచ్చు.

ఈ ఎంపిక దగ్గర చాలామంది దెబ్బతింటారు. ముందు పిటిషన్ పెడదాం, కాదంటే కోర్టుకు పోదాం అనుకుంటారు. 2011లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకు చిరుత ట్రోఫీల కేసు ఒకటి వచ్చింది. ట్రోఫీల యజమానులు రెమిషన్ దారి పట్టారు, శాఖ కాదంది, తర్వాత కోర్టుకు వచ్చారు. మొదటి దారి ఎంచుకున్నాక జప్తు మీద రెండో దారి మూసుకుపోతుందని కోర్టు చెప్పేసింది. "నాకు తెలియదు, నేను అమాయకుణ్ణి" అన్న వాదన కూడా అన్నిచోట్లా నిలబడదు. దిగుమతికే వీల్లేని సరుకైతే యజమాని ఎంత అమాయకుడైనా అది నిషిద్ధ సరుకే అని 2005లో అదే కోర్టు ఒక పీతల కేసులో తేల్చింది. నా మొదటి రోజుల్లో నేనే ఒకాయనకు గడువు దగ్గరపడిందని తొందరపడి పిటిషన్ రాయించాను. దానివల్ల ఏ దారి పోతుందో ఆయనకు ముందే వివరించలేదు. ఆ తప్పు నాది. ఇప్పటికీ ఎవరి నోటీసు చేతికొచ్చినా ఈ దారులు రాసిన చోట వేలు పెట్టి రెండుసార్లు చదివి వినిపిస్తాను. పెద్ద విలువైన వస్తువైతే ఈ రంగం తెలిసిన లాయరు దగ్గరికి వెళ్లమంటాను.

ఇందాక చిన్న సందు ఉందన్నాను. రెండో, మూడో అనుబంధం వస్తువుల విషయంలో, తప్పు పంపినవాడిదీ కాకుండా, తెచ్చుకున్నవాడిదీ కాకుండా, పర్మిట్ ఇచ్చిన ఆఫీసుదే అయితే, లేదా సొంత వాడకం సామాను విషయంలో నిజంగా పొరపాటు జరిగి, మోసం చేసే ఉద్దేశం లేదని తేలితే, రెండు దేశాల సైటిస్ అధికారులు మాట్లాడుకుని తర్వాత కాగితం ఇచ్చే వీలుంది. మొదటి అనుబంధానికి ఇది లేదు. మీరు చేయాల్సింది అధికారికి అధికారిని కలపడం. పర్మిట్ ఇచ్చిన ఆఫీసు ఇక్కడి సైటిస్ ఆఫీసుకు నేరుగా రాయాలి. మీ ఏజెంటు మీకు పంపిన వాట్సాప్ సందేశం దానికి సాటి రాదు. ఆ దేశంలో మీకు కాగితాలు ఇచ్చిన వేట కంపెనీని, ఏజెంటును పట్టుకుని అసలు దరఖాస్తు కాపీ తెప్పించండి. మీరు సరిగ్గా అడిగారు, వాళ్లు తప్పుగా రాశారు అని చూపించగలిగింది అదొక్కటే.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు, జప్తు చేసినవి ఏం చేస్తారని. అమ్ముకుంటారనే అనుమానం చాలామందికి ఉంది. మొదటి అనుబంధం వస్తువులను చదువుకు, పరిశోధనకు, అధికారుల శిక్షణకు వాడాలి, లేదా భద్రపరచాలి, లేదా నాశనం చేయాలి. అమెరికాలో డెన్వర్ పక్కన ఒక గోదాము ఉంది, అందులో పది లక్షలకు పైగా వస్తువులున్నాయి. 2016 ఏప్రిల్‌లో కెన్యా 105 టన్నుల దంతాన్ని తగలబెట్టింది. ఆ మంటల ఫోటో చూసినప్పుడు నాకు మా ఆఫీసు బల్ల మీదికి వచ్చిన చిన్న చిన్న దంతపు గాజులన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ ఇంత చిన్నది కదా, దీనివల్ల ఏమవుతుంది అని తెచ్చినవాళ్లందరూ అన్నారు.

ఇంకో ప్రశ్న ఉంది, ఆవిడ చాలాసేపటి నుంచి చెయ్యి ఎత్తి ఉన్నారు. చెప్పండమ్మా. విదేశంలో ఉన్న తాతగారింట్లో చిరుత తోలు ఉంది, ఆయన పోయారు, దాన్ని తెచ్చుకోవచ్చా అంటున్నారు.

దారి ఉంది, కానీ నెమ్మదిగా వెళ్లాలమ్మా. ఆ జాతి ఒప్పందంలోకి రాకముందే సంపాదించిన వస్తువుకు ఒప్పందానికి ముందుది అని ధ్రువపత్రం ఇస్తారు. అది అక్కడి దేశం ఇవ్వాలి, ఇక్కడి దేశం ఒప్పుకోవాలి, రెండూ తోలు కదలకముందే జరగాలి. అలాంటి వస్తువును కూడా బయటికి పంపనివ్వని, లోపలికి రానివ్వని దేశాలున్నాయి, కాబట్టి ముందు రెండు ఆఫీసులకూ రాసి అడగండి. వాళ్లు అడిగేది తేదీకి రుజువు. తోలు ఊనినవాడి బిల్లు, పాత ఇన్సూరెన్స్ కాగితం, వీలునామా, ఏదైనా సరే. ఏమంటున్నారు, ఫోటో ఉందా? తాతగారు ఆ తోలు ముందు నిలబడి ఉన్నారా? చాలా మంచిది. దాన్ని ఆల్బమ్‌లోంచి పీకకండి. ఆల్బమ్ మొత్తం అలాగే తీసుకురండి, ఆ పక్క పేజీల్లో ఉన్న ఫోటోల వెనక తేదీలేమైనా ఉన్నాయేమో కలిసి చూద్దాం.